కక్కిన పాము, అలిగిన పాము

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా పాముల కడుపు గొడవే. కుక్కలవాళ్ళు, పిల్లులవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, వచ్చే నెల మీకే. ఈ ఉత్తరాల్లో కనపడే కార్న్ స్నేక్, బాల్ పైథాన్, బోవా, గార్టర్ స్నేక్, కింగ్ స్నేక్ అన్నీ ఇళ్ళలో పెంచుకునే విదేశీ పాములు. ఏ పామును ఇంట్లో పెంచుకోవచ్చన్నది మీ చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది, అది ముందు చూసుకోండి. బయట పట్టుకొచ్చిన పాము తినడం లేదని ఇద్దరు రాశారు. వాళ్ళకి నా జవాబు ఒకటే: అటవీ శాఖవాళ్ళకి అప్పగించండి. అది తినకపోవడానికి కారణం మీ ఇల్లే.

ప్రశ్న: డాక్టరుగారూ, మా కార్న్ స్నేక్ వయసు 8 నెలలు, బరువు 90 గ్రాములు. 12 రోజుల కిందట చిట్టెలుకను పెడితే నాలుగో రోజు కక్కేసింది. పాపం ఆకలితో ఉంటుందని మర్నాడే ఇంకొకటి పెట్టాను. ఆబగా మింగింది. మళ్ళీ నాలుగు రోజులకి కక్కింది. ఆ వాసనకి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. పెట్టె వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మాత్రం 30 డిగ్రీలు చూపిస్తోంది. ఇప్పుడు ఫ్రీజర్‌లోంచి మూడో ఎలుకను తీసి కరిగించి ఉంచాను. పెట్టనా?

జవాబు: వద్దు. కరిగించినదాన్ని మళ్ళీ ఫ్రీజర్‌లో కూడా పెట్టకండి, పారేయండి.

పాము కక్కిందని ఎవరైనా ఫోన్ చేస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, ఎన్నో రోజున అని. రెండో ప్రశ్న, ఎలా ఉంది అని. మింగిన కొన్ని గంటల్లోనో మర్నాడో, బొచ్చు కూడా చెదరని ఎలుక బయటికి వచ్చిందంటే చాలాసార్లు తప్పు మన చేతులది. తిన్న వెంటనే చేతిలోకి తీసుకుని ఆడించి ఉంటాం, లేదా పిల్లలెవరో పెట్టెను కదిపి ఉంటారు. మూడు నాలుగు రోజులయ్యాక, సగం కరిగి, ఉబ్బి, కుళ్ళు కంపుతో వచ్చిందంటే నా అనుమానం వేడి మీదికి పోతుంది. పాము ఒంట్లో సొంత పొయ్యి లేదు. ఎలుకను అరిగించే రసాలు పనిచేయాలంటే వేడి బయటి నుంచి రావాలి. అది చాలకపోతే ఎలుక అరగడానికి ముందే లోపల కుళ్ళడం మొదలుపెడుతుంది. కుళ్ళినదాన్ని పాము ఉంచుకోదు. మీ పాము చేసింది తెలివైన పనే.

థర్మోస్టాట్ 30 చూపిస్తోందిగా అంటారు. నాకూ చూపించింది. చాలా ఏళ్ళ కిందట నా కింగ్ స్నేక్ వరసగా రెండుసార్లు కక్కింది. నేను డాక్టర్ని కదా, పెద్ద పెద్ద జబ్బులన్నీ తలుచుకుని పరీక్షలకి పంపాను. అన్నీ బాగానే వచ్చాయి. చివరికి ఒక రాత్రి పెట్టె ఊడ్చి కొత్త చెక్కపొట్టు వేస్తుంటే చూశాను. హీట్ మ్యాట్, అంటే వేడినిచ్చే పలక, పెట్టె అడుగున ఉంది, థర్మోస్టాట్ తీగ కొన ఆ అడుగు గాజుకే అంటించి ఉంది. దాని మీద నేను ప్రేమగా నాలుగు వేళ్ళ మందాన పొట్టు పరిచాను. పాము పడుకునే గూడు పొట్టు పైన. అడుగున 31. పొట్టు పైన ఇంకో థర్మామీటర్ పెడితే 24. ఆ ఏడు డిగ్రీల కోసం రెండు వారాలు నిద్ర పోగొట్టుకున్నాను. పొట్టు పలచగా చేశాక ఆ పాము బతికినన్నాళ్ళూ మళ్ళీ కక్కలేదు.

కాబట్టి మీరు కూడా పాము ఒళ్ళు ఎక్కడ ఆనిస్తుందో సరిగ్గా అక్కడ కొలవండి. కార్న్ స్నేక్‌కి వెచ్చని వైపు 29 నుంచి 31, చల్లని వైపు 22 నుంచి 25 ఉంటే చాలు. గది గోడకి వేలాడే థర్మామీటర్ అంకె ఇక్కడ పనికిరాదు.

ఇక రెండో తప్పు. మీరు పంపిన ఫొటోలో ఎలుక తూకం మీదే ఉంది కాబట్టి దొరికిపోయారు: 28 గ్రాములు. పాము బరువులో దాదాపు మూడో వంతు. 60 కిలోల మనిషి ఒకే ముద్దలో 18 కిలోలు మింగినట్టు. ఈ వయసు పాముకి ఒంటి బరువులో పదో వంతు, మహా అయితే 15 శాతం. అంటే 9 నుంచి 13 గ్రాములు. తూకం లేకపోతే పాము నడుము ఎక్కడ బాగా లావుగా ఉందో చూసి, ఎలుక అంతకంటే లావు లేకుండా చూసుకోండి.

మూడో తప్పు అసలైనది, మర్నాడే మళ్ళీ పెట్టడం. పాము ఖాళీ కడుపులో ఆమ్లం పెద్దగా ఉండదు. ఎర లోపలికి వెళ్ళాకే కడుపు ఆ సరంజామా అంతా తయారు చేసుకుంటుంది. బర్మీస్ పైథాన్‌లలో అయితే తిన్న రెండు రోజుల్లో గుండె కండే 40 శాతం పెరుగుతుందని 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. ఒక్క ఎలుకను అరిగించడానికి పాము ఒళ్ళంతా కూలికి దిగుతుందన్నమాట. అంత ఖర్చు పెట్టాక ఎర కక్కేస్తే పెట్టిన ఖర్చు, ఒంట్లో నీరు, లవణాలు అన్నీ పోతాయి. పైగా ఆమ్లం తగిలి అన్నవాహిక ఒరుసుకుపోయి ఉంటుంది. ఆ పుండు మీదకే మీరు రెండో ఎలుకను తోశారు. ఆబగా తిన్నది కదా అంటే, కార్న్ స్నేక్ ఎప్పుడు పెట్టినా ఆబగానే తింటుంది. దాని ఆబ ఆరోగ్యానికి గుర్తు కాదు.

ఇప్పుడు చేయాల్సింది చాలా తేలిక, అందుకే ఎవరూ చేయలేరు. రెండోసారి కక్కిన రోజు నుంచి 14 రోజులు ఏమీ పెట్టొద్దు. శుభ్రమైన నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. చేతిలోకి తీసుకోవద్దు. ఆ తర్వాత 4, 5 గ్రాముల చిన్న ఎర ఒక్కటి. అది నిలిస్తే పది రోజులాగి మళ్ళీ అలాంటిదే. అలా మూడు నాలుగు సార్లకి మామూలు సైజుకి రండి. తిన్నాక 48 గంటలు పెట్టె మూత తీయడం నీళ్ళు మార్చడానికే. ఇంత చేశాక కూడా మూడోసారి కక్కితే, కక్కినదాన్నీ మలాన్నీ మూత గట్టి డబ్బాలో వేసి, పాముతో సహా సరీసృపాలు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: మేడమ్, మా మగ బాల్ పైథాన్‌కి మూడేళ్ళు. నాలుగు నెలలుగా ఎలుక మొహం చూడటం లేదు. రోజూ రాత్రి పట్టకారుతో ముందు ఆడిస్తున్నాను. తల తిప్పేసుకుంటుంది. మా ఆయన "నీ మీద అలిగింది" అని నవ్వుతున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. అప్పుడు 1,450 గ్రాములు, ఇప్పుడు 1,390. అన్నట్టు, ఆ మధ్యే దానికి పాత ప్లాస్టిక్ పెట్టె తీసేసి నాలుగడుగుల గాజు పెట్టె కొన్నాం. నోరు తెరిచి తినిపించమని ఒకరు సలహా ఇచ్చారు.

జవాబు: ముందు మీరు తూకం వేస్తున్నందుకు దండం. బరువు రాయని వాళ్ళకి "సన్నబడింది", "బాగానే ఉంది" అనే రెండు మాటలే ఉంటాయి, రెండూ నమ్మలేం. మీ పాము నాలుగు నెలల్లో 60 గ్రాములు తగ్గింది. అంటే నాలుగు శాతం. ఇది నాకు టెన్షన్ తెప్పించే అంకె కాదు. పది శాతం దాటితే, అంటే మీ లెక్కలో 1,305కి దిగితే, అప్పుడు డాక్టర్ని కలవండి. బాల్ పైథాన్‌లు నెలల తరబడి తినకుండా ఉండటం వాటి జాతి లక్షణం. ఎదిగిన మగవి జత కట్టే కాలంలో ఎక్కువగా మానేస్తాయి.

మీ వారికి చెప్పండి, పాముకి అలగడం రాదు. బెదరడం వచ్చు. అసలు సంగతి మీరు "అన్నట్టు" అని ఉత్తరం చివర్లో రాసిన వాక్యంలో ఉంది. ఈ జాతి పగలంతా బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ ముడుచుకుని ఉండేది. దాన్ని నాలుగు వైపులా మనుషులు కనపడే గాజు హాల్లో కూర్చోబెట్టారు. అది తినడం ఎప్పుడు మానేసిందో, పెట్టె ఎప్పుడు మారిందో కేలెండర్‌లో ఒకసారి చూసుకోండి. గాజుకి మూడు వైపులా బయట నల్ల కాగితం అంటించండి. వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, రెండు గూళ్ళు పెట్టండి. గూడు విశాలంగా ఉండాలని చూడకండి. పాము చుట్ట చుట్టుకుంటే ఒంటికి మూడు వైపులా గోడ తగలాలి, అంత ఇరుకు. వెచ్చగా 31 నుంచి 33, చల్లగా 25 నుంచి 27, గాలిలో తేమ 55 నుంచి 65 శాతం.

రోజూ ఆడించడం ఇవాళే మానేయండి. బెదిరిన దాని మొహం ముందు ప్రతి రాత్రీ చచ్చిన ఎలుక ఊగుతుంటే, ఎలుకంటేనే దానికి విసుగు పుడుతుంది. పెట్టె సర్దాక పది రోజులు దాని జోలికి వెళ్ళొద్దు. తర్వాత పన్నెండు, పదిహేను రోజులకి ఒకసారి పెట్టి చూడండి. కళ్ళు పాలనురగలా తెల్లబడి కుబుసానికి వచ్చిందంటే ఆ వంతు వదిలేయండి, కుబుసం విడిచాక చూద్దాం.

ఎలుకను వేడి చేసే పద్ధతిలో కూడా చాలామంది పొరపాటు పడతారు. ముందు రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. మర్నాడు సాయంత్రం ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి వేడినీళ్ళలో ఉంచండి. నడుము నొక్కి చూస్తే లోపల గట్టి గడ్డ తగలకూడదు. పెట్టబోయే ముందు తలను మాత్రం ఇంకో నిమిషం వేడినీళ్ళలో ముంచి 38, 40 డిగ్రీలకి తేవాలి. ఎందుకంటే పైథాన్ పై పెదవి వెంట చిన్న చిన్న గుంటలుంటాయి, వాటితో అది వేడిని పసిగడుతుంది. గది వేడికి చల్లారిన ఎలుక దాని లెక్కలో ఒక రాయి. మైక్రోవేవ్ మాత్రం వద్దు. ఎలుక పగిలితే పొయ్యిని మీరే కడుక్కోవాలి, పగలకపోతే ఒక పక్క ఉడికి, ఇంకో పక్క గడ్డకట్టే ఉంటుంది.

పోనీ బతికినదాన్ని వదిలేద్దామా అని మీరు అడగలేదు, కానీ ఈసారి ఆరుగురు అడిగారు. వదలొద్దు. ఆకలి లేని పాము పక్కన రాత్రంతా వదిలేసిన ఎలుక, పామునే కొరుకుతుంది. వీపు మీద చర్మం పోయి వెన్నుపూస కనపడుతున్న పైథాన్‌కి నేను కుట్లు వేశాను. అది ఎదురు తిరగలేదు, పారిపోలేదు, మూలకి ముడుచుకుని అలాగే కొరికించుకుంది.

నోరు తెరిచి తినిపించడం అసలే వద్దు. అది డాక్టరు చేతిలో, బాగా చిక్కిపోయిన పాముకి, ఆఖరి దారి. 1,390 గ్రాముల దిట్టమైన పాము నోట్లో బలవంతంగా కుక్కితే పళ్ళు విరుగుతాయి, చిగుళ్ళు చీముపడతాయి, అప్పుడు తినకపోవడానికి నిజంగానే కారణం దొరుకుతుంది. అయితే ఈ నాలుగూ మాత్రం కనిపెట్టి ఉండండి: నోటి దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, చిగుళ్ళ మీద పెరుగు గడ్డలాంటి తెల్లదనం, నీళ్ళ గిన్నెలో ఆవగింజల్లాంటి నల్ల పురుగులు. ఏ ఒక్కటి కనపడినా బరువు లెక్క పక్కన పెట్టి బయల్దేరండి.

ప్రశ్న: మా బోవా రెండు ఎలుకలు తిని 24 రోజులైంది, ఇంకా దొడ్డికి వెళ్ళలేదు. కింద కాస్త ఉబ్బుగా ఉంది. పొట్ట మీద నుంచి కిందికి నిమరమని వీడియోలో చూశాను.

జవాబు: నిమరడం వేరు, నొక్కడం వేరు. నాలుగో నిమిషానికి అందరిదీ నొక్కడమే అవుతుంది. పేగు చిట్లితే బయటికి తెలియదు. చేయి తీసేయండి.

బోవాకి 24 రోజులంటే బెంబేలు పడాల్సింది ఏమీ లేదు. దీని కడుపు గడియారం కార్న్ స్నేక్‌లా వారం వారం మోగదు. ఈ మధ్య సుద్దముక్కల్లాంటి తెల్లటివి పడ్డాయేమో పొట్టులో వెతకండి, పాముకి మూత్రం అలాగే వస్తుంది. అవి పసుపురంగులో, ఇసుకలా గరగరలాడుతుంటే నీళ్ళు తక్కువయ్యాయని అర్థం. మూతకి గాలి చిల్లులున్న టబ్బులో 29, 30 డిగ్రీల నీళ్ళు, పాము మందంలో సగం లోతు మాత్రమే పోసి, అరగంట ఉంచండి. పక్కనే కూర్చోండి. రోజు విడిచి రోజు, మూడుసార్లు. నా దగ్గరికి వచ్చే సగం పాములు కారు ప్రయాణంలోనే పని కానిచ్చేస్తాయి, సీటు మీద పాత గుడ్డ వేసుకుని రండి.

తోక మొదట్లో గట్టి గడ్డ తగులుతూ, పాము ముక్కుతూ ఏమీ రాకపోతే, లేదా ఎర్రటి కండ బయటికి జారితే, తడి గుడ్డ కప్పి ఆ రోజే డాక్టరు దగ్గరికి. ఆముదం లాంటివి పట్టకండి.

ప్రశ్న: గార్టర్ స్నేక్‌కి ఏడాదిగా గోల్డ్ ఫిష్ పెడుతున్నాను. ఇష్టంగా తింటుంది, చక్కగా అరుగుతోంది. కానీ వారం నుంచి తల వంకర్లు తిప్పుతోంది, వెల్లకిలా పడితే లేవలేకపోతోంది. ఇది కడుపుకి సంబంధించిందేనా?

జవాబు: కడుపుకి సంబంధించిందే, కడుపులో మాత్రం కనపడదు. గోల్డ్ ఫిష్‌లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బి1 విటమిన్‌ను ముక్కలు చేసేస్తుంది. ఏడాది పాటు అదే తిండి కాబట్టి మీ పాము కడుపు నిండా తింటూనే బి1 లేక నరాలు దెబ్బతిన్నట్టుంది. ఇది చదివిన రోజే తీసుకెళ్ళండి. బి1 ఇంజెక్షన్ సకాలంలో పడితే చాలావరకు కోలుకుంటాయి. మూర్ఛలు మొదలైతే కష్టం.

చేపను ఫ్రీజర్‌లో పెడితే ఆ ఎంజైమ్ పోతుందని ఒక నమ్మకం ఉంది. పోదు. చేపలే పెట్టాలనుకుంటే గప్పీలు, ట్రౌట్ లాంటివి మేలు. వాటితో పాటు వానపాములు, ఎలుక ముక్కలు అలవాటు చేయండి. ఎలుక ముక్కకి చేప వాసన పట్టిస్తే మొదట మోసపోయి తింటుంది, తర్వాత మోసం అక్కర్లేదు. కంపోస్టు తొట్టెలో పెంచే ఎర్ర వానపాములు మాత్రం వద్దు, అవి పాములకి పడవు.

ప్రశ్న: మాకు మూడు కింగ్ స్నేక్‌లు. అయిదు నెలల కిందట తెచ్చిన మూడోది ఎంత చిన్న ఎర పెట్టినా కక్కుతోంది. వేడి సరిగానే ఉంది. ఖాళీ కడుపున కూడా నడిమి భాగం ముద్దలా ఉబ్బి కనిపిస్తోంది. ఒకే పట్టకారుతో మూడింటికీ పెడుతున్నాం.

జవాబు: మీకు తియ్యటి మాట చెప్పలేను. వేడి బాగుండి, ఎర చిన్నదై, అయినా కక్కుతూ, పొట్ట గోడ మందంగా ఉబ్బిందంటే మొదట అనుమానించాల్సింది క్రిప్టోస్పోరిడియం. కంటికి కనపడని పరాన్నజీవి, కడుపు లోపలి పొరను మందంగా మార్చేస్తుంది. కక్కినదానితోనో మలంతోనో పీసీఆర్ పరీక్ష చేయిస్తారు. ఒక్కసారి నెగటివ్ వచ్చినా నమ్మరు, మళ్ళీ చేస్తారు. నమ్మకంగా నయం చేసే మందు లేదు. తేలిందంటే మీ డాక్టరు నొప్పిలేని చావు గురించి మాట్లాడవచ్చు. ఆ మాట విని ఆయన మీద కోపం తెచ్చుకోకండి.

ఇవాళ మీ చేతిలో ఉన్నది మిగతా రెండింటినీ కాపాడుకోవడం. మూడోదాన్ని వేరే గదికి మార్చండి. దానికి వేరే పట్టకారు, వేరే గిన్నె, అన్ని పనులూ అయ్యాక చివర్లో దాని పని. మామూలు బ్లీచ్‌కి ఇది చావదు. అమ్మోనియా ద్రావణంతో కానీ బాగా మరిగే ఆవిరితో కానీ శుభ్రం చేయాలి. అమ్మోనియా, బ్లీచ్ ఒకదానిలో ఒకటి కలిపారో, ఆ విషవాయువుకి ముందు మీరే ఆసుపత్రిలో పడతారు. ఇకమీదట కొత్త పాము ఏది వచ్చినా 90 రోజులు పాతవాటి గదిలోకి రానివ్వకండి.

ప్రశ్న: ఆంటీ, నేను తొమ్మిదో తరగతి. నాన్న కార్న్ స్నేక్ పిల్లను కొనిచ్చారు, 7 గ్రాములు. మూడు వారాలైంది, పింకీని, అంటే ఇంకా బొచ్చు రాని ఎలుకపిల్లను, ముట్టడం లేదు. చచ్చిపోతుందేమోనని భయంగా ఉంది. తినేటప్పుడు వీడియో కూడా తీయాలని నా కోరిక.

జవాబు: భయపడకు కన్నా. పిల్లపాము మొదటి కుబుసం విడిచాకే తిండి జోలికి వస్తుంది. నీ పాము అమ్మినవాళ్ళ దగ్గర ఎన్నిసార్లు తిన్నది, ఏం తిన్నది, నాన్నతో ఫోన్ చేయించి కనుక్కో. ఒక్కసారీ తినని పిల్లను అమ్మేశారంటే తప్పు వాళ్ళది, నీది కాదు.

ఈ రాత్రి ఇలా చెయ్యి. నీ అరచేతి అంత డబ్బా తీసుకో, మూతకి చిల్లులు పెట్టు, అడుగున పొడి టిష్యూ కాగితం వెయ్యి. పింకీని గోరువెచ్చటి నీళ్ళలో కడిగి తుడువు, ఎలుక వాసన కన్నా నీ చేతి వాసనే దానికి ఎక్కువ పట్టి ఉంటుంది. డబ్బాలో పింకీ, పాము రెండూ పెట్టి, డబ్బాను వెచ్చని వైపు ఉంచి, లైట్ తీసేసి నిద్రపో. మధ్యలో లేచి చూడొద్దు. వీడియో వద్దు, ఫోన్ వెలుగు పడిందంటే ఆ రాత్రి అంతే సంగతులు. పొద్దున్నకి తినకపోతే తీసేసి, అయిదు రోజులాగి మళ్ళీ. మూడు రాత్రులూ అలాగే పోతే, పింకీ తల మీద సూదితో చిన్న గాటు పెట్టమని నాన్నని అడుగు. చూడటానికి బాగోదు, ఆ వాసనకి మాత్రం చాలా పిల్లలు లొంగుతాయి.

ఇంకో సంగతి. వంటింటి తూకం మీద దీన్ని తూచకు. అది 7 అనో 6 అనో అంటుంది, నువ్వు అనవసరంగా ఏడుస్తావు. గ్రాములో పదోవంతు చూపించే చిన్న తూకం కావాలి, నగలు తూచేలాంటిది. ముందు ఖాళీ డబ్బా తూచు, తర్వాత పాముతో తూచు, తేడా రాసిపెట్టు. 6.3 కన్నా దిగితే డాక్టరు దగ్గరికి. తిన్న రోజు నాకు రాయి. తినకపోయినా రాయి, అంకెతో సహా.